ఏడున్నవ్

సికింద్రాబాద్ క్లాక్ టవర్ ఎనక గల్లీల
ఇనాయత్ భాయ్ దుకాణం.
మెట్లు దిగి పోవాలె,
వానొస్తే నీళ్లు సుత మన ఎంబడే దిగుతయ్.
నైట్ డ్యూటీ చేసి, మొకం కడుక్కోకుండనే పోయిన.
"ఏడు తీగలది సూపియ్యి" అన్న.
ఆయన చాయ్ గ్లాసు పక్కకు పెట్టి
నా మొకం కాదు, నా వేళ్లు సూశిండు.
"పొట్టిగున్నయ్ మియా. దాని మెడ ఎడల్పుంటది."

మూడు దించిండు.
మొదటిది నల్లగ నిగనిగ, పెండ్లికి కిరాయికొచ్చిన కారు లెక్క.
ఏడో తీగ మీటితే
పైజామ నాడా ఊగినట్టు ఊగింది, స్వరం లేదు.
మెడ పొడుగు లేకుంటే లావు తీగకు బిగువు దొరకదని
నాకు ఏ మాస్టరూ జెప్పలే.
స్తంభానికీ స్తంభానికీ నడుమ వైరు
ఎంత జారాలె, ఎంత గుంజాలె,
ఆ లెక్కనే ఇది.

రెండోదానికి ఫ్రెట్లు విసనకర్ర పుల్లల్లెక్క ఏటవాలు.
ధర ఇని దాన్ని గోడకే మర్లేసిన.

మూడోది సెకండ్ హ్యాండ్.
సైనిక్‌పురి పోరగాండ్ల బ్యాండుది,
బ్యాండు ఇచ్చుకపోయింది, గిటార్ మిగిలింది.
ఎనక స్టిక్కర్ పీకిన జిగట.
మీటరు సీలు సూశినట్టు టార్చి ఏసి సూశిన:
ఆరు తీగల కింద ఫ్రెట్లు గుంతలు వడ్డయ్,
ఏడో తీగ కింద మాత్రం
కొత్త గిన్నె అంచు తీరుగ మెరుస్తున్నయ్.
ఎక్కువ తీగకు పైసలు పెట్టిండు ఆ పిలగాడు,
దాని మీద వేలు పెట్టలే.
"డర్ గయా హోగా" అన్నడు ఇనాయత్ భాయ్, నవ్వకుండ.
ఇరవై రెండు వేలు చెప్పి పద్దెనిమిదికి ఇచ్చిండు.
బ్యాగు జిప్పు ఖరాబ్.

వారం దాకా చెయ్యి నా మాట ఇనలే.
ఇరవై ఏండ్ల సంది అంచుకున్న తీగ
ఇప్పుడు అంచుకు లేదు.
కండ్లు మూసి బొటనవేలు దించితే
పక్కింటోళ్ల తలుపు కొట్టినట్టయితది.
వద్దన్న కాడ గుయ్యిమంటది ఏడోది.
తీగ లాగితే డొంకంత కదులుడంటే గిదే.
మోగించుడు తర్వాత, ముందు దాన్ని ఊకోబెట్టుడు రావాలె
అరచేతి అంచుతోని,
అది గాకుంటే మా చెల్లె స్వరూప హెయిర్ బ్యాండు
దాని మెడకు తొడిగి.
పొద్దుగాల ఇల్లంత దేవులాడుతది పాపం.

మౌలాలి సబ్‌స్టేషన్ల పదహారేండ్లు.
ట్రాన్స్‌ఫార్మర్ మోత ఇంటిదాకా వస్తది,
అన్నం తింటుంటే, పండుకుంటే.
చెవులు బాగనే ఉన్నయ్ అన్నడు డాక్టరు.
మొన్న బుధారం రాత్రి
ఏడో తీగ మీద ఒక్కొక్క గడి ఎక్కుకుంట పోతే
ఎనిమిదో గడి కాడ దొరికింది.
జరంత పైకి గుంజాలె, ఎంటికంత.
"ఆరో తీగ మీద సుత ఉన్నది గదా, మూడో గడిల"
అంటడు రూబెన్.
ఉన్నది. అక్కడ చెవికి ఇనవడతది,
ఇక్కడ పొట్టకు ఆనుతది.
మీటినంత సేపు అది నాది.
చెయ్యి ఎత్తితే మళ్ల సర్కారుది.

ఇయ్యాల గాలివాన, కరెంటు పోయింది.
ఆంప్ సచ్చింది.
పక్కటెముకలకు ఆనిచ్చుకొని అట్లనే మీటిన,
వణుకుడే తప్ప సప్పుడు లేదు.
ఎనిమిదో గడి నుంచి మెట్టు మెట్టు దిగుకుంట
ఉట్టి తీగ దాకా వచ్చిన.
పిలగాడు భయపడ్డ జాగ గిదే గావచ్చు.

ఫోన్. సబ్ ఇంజినీర్ సారు.
"ఫీడర్ కొట్టేసింది, లైను మీద చెట్టు వడ్డది.
లింబాద్రీ, ఏడున్నవ్?"
ఏడుల్నే ఉన్న సార్,
అనబోయి,
"వస్తున్న" అన్న.
రెయిన్‌కోటు గుండీలు పెట్టుకునేదాంక
మంచం మీద అది వణుకుతనే ఉన్నది,
హెయిర్ బ్యాండు లేక.